చెట్టు కొట్టేవాళ్ల ఒక రోజు: మిషన్, మోకు, కరెంటు తీగ

(ఇది మా వీడియో ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, చదవడానికి వీలుగా అక్కడక్కడా కొద్దిగా సర్దాం.)

ఇవాళ్టి టాపిక్ మీ వీధిలోనే ఉంది. మీరు చూసే ఉంటారు, కానీ ఆగి చూసి ఉండరు.

మే నెలాఖరులో, లేదంటే ఒక పెద్ద గాలివాన మర్నాడు, వీధిలో ఒక సౌండ్ మొదలవుతుంది. సైలెన్సర్ ఊడిపోయిన బండిలాగా గుర్రుమంటూ. అది చెట్టు కోసే మిషన్. మనం ఏం చేస్తాం? కిటికీ మూసేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాం. అదే టైంలో బయట ఒక మనిషి ముప్పై అడుగుల ఎత్తులో, ఒక కాలు కొమ్మ మీద, ఇంకో కాలు గాల్లో పెట్టి, ఒంటి చేత్తో ఆ మిషన్ పట్టుకుని ఉంటాడు. కింద ఒకాయన తాడు పట్టుకుని పైకి చూస్తుంటాడు. పక్కనే 11 కేవీ లైను.

వీళ్ల పని ఎలా నడుస్తుంది, డబ్బులు ఎలా వస్తాయి, ప్రాణం ఎక్కడ పోతుంది, వీళ్లని పిలిచే మనం ఏం చేయాలి, ఇవన్నీ ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. చివర్లో ఒక ఇరవై రూపాయల విషయం కూడా ఉంది. అది మాత్రం మిస్ అవ్వకండి.

టీం అంటే ఎంతమంది?

సాధారణంగా నలుగురైదుగురు. ఊళ్లలో అయితే ఒకే కుటుంబం వాళ్లో, ఒకే వాడకట్టు వాళ్లో కలిసి పని చేస్తుంటారు. సిటీలో అయితే అడ్డా మీద దొరికే కూలీలు, వాళ్లకి ఒక మేస్త్రీ.

ఇందులో ఎవరి పని వాళ్లదే. మేస్త్రీ ఇంటి ఓనర్‌తో బేరం మాట్లాడతాడు, మిషన్ కూడా చాలాసార్లు ఆయనదే. ఎక్కేవాడు ఒకడు, టీం మొత్తానికి అతనే ముఖ్యం. తాడు పట్టేవాడు ఒకడు. చూడ్డానికి ఊరికే నిలబడ్డట్టు ఉంటాడు కానీ, పైనున్న మనిషి ప్రాణం సగం ఇతని చేతుల్లోనే ఉంటుంది. మిగతా ఇద్దరు పడిన కొమ్మలు లాగి, రెమ్మలు నరికి, దుంగలు ముక్కలు చేసి ట్రాలీ ఎక్కిస్తారు. ఆడవాళ్లు ఉంటే కట్టెలు మోయడం, ఆకు చెత్త ఊడ్వడం వాళ్ల మీద పడుతుంది. అలసట తక్కువేం కాదు, కూలీ మాత్రం తక్కువ.

సామాన్లు ఏముంటాయి? మిషన్, గొడ్డలి, కొడవలి, గునపం, నిచ్చెన, రెండు మూడు రకాల తాళ్లు. ఎక్కేవాడికి నడుముకి ఒక మోకు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు వాడే మోకులాంటిదే. చాలామంది కాళ్లకి చెప్పులు కూడా ఉండవు. ఎందుకంటే స్లిప్పర్లు వేసుకుంటే జారుతుంది, మంచి గ్రిప్ ఉన్న బూట్లు కొనే స్తోమత ఉండదు. అందుకని ఉత్తి పాదాలే బూట్లు.

పొద్దున్నే ఆకురాయితో మొదలు

ఎండ ఎక్కకముందే పైపని అయిపోవాలి. అందుకే వీళ్ల రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. మొదటి పని చెట్టు దగ్గర కాదు, మిషన్ దగ్గర.

చైన్‌కి ఉండే ఒక్కో పన్నునీ గుండ్రటి ఆకురాయితో రాసి పదును పెడతారు. ఇది బోర్ పని, కానీ రోజు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. పదును ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కింద రాలే పొట్టు చూడాలి. పొట్టు పలుకులు పలుకులుగా వస్తే పదును ఉన్నట్టు. పిండిలాగా సన్నగా రాలుతుంటే పదును పోయినట్టు. పదును పోయిన మిషన్ కొయ్యదు, అప్పుడు మనిషి బలం పెట్టి నొక్కుతాడు. నొక్కితే బ్యాలెన్స్ తప్పుతుంది. యాక్సిడెంట్ అక్కడే పుడుతుంది. మొద్దుబారిన మిషన్ కంటే పదునైన మిషనే సేఫ్. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ నిజం.

తర్వాత పెట్రోల్. ఈ మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. స్టిల్, హస్క్‌వార్నా లాంటి కంపెనీల మిషన్లకి, కంపెనీ చెప్పిన మంచి ఆయిల్ వాడితే, 50కి 1 పాళ్లు. అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. మిషన్ పోతే టీంకి ఆ వారం తిండి పోయినట్టే. చైన్ అరిగిపోకుండా దానికి వేరే ఆయిల్ కారుతుండాలి. డబ్బులు ఆదా చేద్దామని అక్కడ వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లు ఉన్నారు. అది మిషన్‌కీ మంచిది కాదు, చేతులకీ మంచిది కాదు.

ఇక సౌండ్. 85 డెసిబెల్స్ సౌండ్‌లో రోజుకి ఎనిమిది గంటలు ఉంటేనే చెవులు దెబ్బతినే రిస్క్ మొదలవుతుంది. ఈ మిషన్ 100 దాటేస్తుంది. చెవికి రక్షణ లేకుండా ఏళ్ల తరబడి పని చేస్తే వినికిడి తగ్గుతుంది. దానితోపాటు వైబ్రేషన్ వల్ల వేళ్లు తిమ్మిరెక్కడం, పాలిపోవడం. సాయంత్రం వీళ్లతో ఫోన్ మాట్లాడితే గట్టిగా అరిచినట్టు మాట్లాడతారు చూడండి. అది కోపం కాదు, వినపడక.

రేటు ఎలా కడతారు?

"చెట్టు కొట్టడానికి ఎంత?" అని అడిగితే ఒక్కో చోట ఒక్కో రేటు చెప్తారు. మోసం అనుకుంటాం. కానీ అందులో ఒక లెక్క ఉంది.

చెట్టు అంటే వీళ్లకి రెండు ముక్కలు. ఒకటి కష్టం, రెండోది కలప. మేస్త్రీ చెట్టు చుట్టూ ఒక రౌండ్ వేసి రెండూ తూకం వేస్తాడు. ఖాళీ స్థలంలో నిటారుగా ఉన్న మంచి వేప మాను అనుకోండి, కష్టం తక్కువ, కలపకి గిరాకీ ఎక్కువ. అప్పుడు అతనే మీకు ఎదురు డబ్బులిస్తాడు. అదే తురాయి చెట్టు, రెండు ఇళ్ల మధ్య, కింద రేకుల షెడ్డు, పైన కరెంటు వైర్లు అనుకోండి. కలపకి రేటు రాదు, కష్టం బోలెడు. ఒక్కో కొమ్మా తాడుతో దింపాలి. అప్పుడు మీరు డబ్బులివ్వాలి, అదీ గట్టిగానే.

కలప ఎక్కడికి పోతుంది? మంచి మాను టింబర్ డిపోకి, సామిల్లుకి. చింత మొద్దుకి మటన్ షాపుల్లో డిమాండ్, కత్తి దెబ్బలకి ఓర్చుకుంటుంది కాబట్టి. మామిడి ప్యాకింగ్ పెట్టెలకి. మిగిలింది కట్టెల కింద హోటళ్లకి, ఇటుక బట్టీలకి, శ్మశానాలకి.

పొలాల్లో సరుగుడు, జామాయిల్, సుబాబుల్ కొట్టే గ్యాంగులు వేరే. అది పంట కోతలాంటిది. టన్నుల లెక్కన కూలీ, లారీల మీద లోడు, సారపాక, రాజమండ్రి లాంటి చోట్ల ఉన్న పేపర్ మిల్లులకి సరుకు. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

ఇప్పుడు అసలు పాయింట్. మనం బేరమాడినప్పుడు ఏం తగ్గుతుంది? పెట్రోల్ తగ్గదు, ట్రాలీ బాడుగ తగ్గదు. తగ్గేది మనుషులు, లేదా టైము. ఐదుగురు చేయాల్సింది ముగ్గురు చేస్తారు. తాడు కట్టి దింపాల్సిన కొమ్మని "ఏం కాదులే" అని వదిలేస్తారు. కరెంటు ఆపించాల్సిన చోట ఆపించకుండానే కానిచ్చేస్తారు. మనం తగ్గించిన వెయ్యి రూపాయలు ఎవరి ఒంటి మీద నుంచి వస్తాయో అర్థమైంది కదా.

చెట్టు పడేయడం వేరు, దింపడం వేరు

ఇక్కడ కొంచెం ఫిజిక్స్. భయపడకండి, సింపులే.

చోటు ఉంటే చెట్టుని మొదట్లో కోసి పడేస్తారు. పడాల్సిన వైపు ముందుగా ఒక గాటు పెడతారు, పుచ్చకాయ ముక్క తీసినట్టు. మాను మందంలో పావు వంతు నుంచి మూడో వంతు లోతు. తర్వాత వెనక వైపు నుంచి కోసుకుంటూ వస్తారు. కానీ పూర్తిగా తెంపరు. మధ్యలో మందంలో సుమారు పదో వంతు చెక్క వదిలేస్తారు. అది తలుపు బందులా పని చేస్తుంది. చెట్టు ఆ బందు మీద మెల్లగా ఒరుగుతూ అనుకున్న వైపే పడుతుంది. ఆ చెక్క కూడా కోసేస్తే ఇక చెట్టు ఎవరి మాటా వినదు. ఎటైనా పడుతుంది.

చెట్టు కదలడం మొదలైందంటే, కోసేవాడు వెనక్కి, పక్కకి ఏటవాలుగా తప్పుకోవాలి. నేరుగా వెనక్కి పోకూడదు, ఎందుకంటే మొదలు ఎగిరి వెనక్కే తన్నొచ్చు. ఆ దారి ముందే చూసి పెట్టుకోవాలి, రాళ్లూ రప్పలూ తీసేయాలి. మిగతా వాళ్లు చెట్టు ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో ఉండాలి. రీల్స్ తీసేవాళ్లు కూడా. ఫోన్‌లో జూమ్ ఉంటుంది కదా, వాడండి.

సిటీలో చోటు ఉండదు కాబట్టి పైనుంచి ముక్కలు ముక్కలుగా దింపాలి. ఇక్కడే కష్టం. బరువు ఎంతో చూద్దాం. 40 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న పచ్చి దుంగ, ఒక్క మీటరు ముక్క తీసుకోండి. చెట్టు రకాన్ని బట్టి తేడా ఉన్నా, దాని బరువు సుమారు 100 కిలోలకి పైనే. అంటే రెండు బియ్యం బస్తాలు గాల్లో వేలాడుతున్నట్టు. అది రెండు మూడు మీటర్లు జారి తాడుకి తగిలి ఒక్కసారిగా ఆగిందంటే, ఆ కుదుపు దాని బరువుకి ఎన్నో రెట్లు. పాత తాడు అక్కడే తెగుతుంది. అందుకే కింద తాడు పట్టేవాడు మాను చుట్టూ రెండు మూడు చుట్లు వేసి, ఒక్కసారిగా బిగించకుండా కొద్దికొద్దిగా జారవిడుస్తాడు. దానికి అనుభవం కావాలి.

పెద్ద కొమ్మ కోసేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. మూడు కోతలు. మొదట కింది వైపు నుంచి కొంచెం గాటు. తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోత, కొమ్మ బరువు అక్కడ తెగి పడిపోతుంది. చివరికి మిగిలిన మోడుని మాను దగ్గర శుభ్రంగా కోయాలి. డైరెక్టుగా పైనుంచి ఒకే కోత వేస్తే కొమ్మ సగం తెగి, మాను మీద బెరడుని చీల్చుకుంటూ కిందికి ఊడుతుంది. కొన్నిసార్లు ఎక్కినవాడి వైపే ఊగుతుంది. కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టు అని మనం సామెత వాడతాం. వీళ్లకి అది సామెత కాదు, ప్రతి పూటా పెట్టుకోవాల్సిన లెక్క.

మిషన్ గురించి ఒక్క మాట. ఫుల్ రేస్‌లో చైన్ సెకనుకి సుమారు 20 మీటర్ల స్పీడులో తిరుగుతుంది. గంటకి 70 కిలోమీటర్ల పైమాటే. బార్ ముక్కు పై భాగం ఏదైనా గట్టి కొమ్మకి తగిలితే మిషన్ ఒక్క ఉదుటున వెనక్కి, ముఖం మీదికి తన్నుకొస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. అందుకే రెండు చేతులతో పట్టుకోవాలి, భుజం ఎత్తు దాటి కోయకూడదు, చైన్ బ్రేక్ పని చేస్తుండాలి. చెట్టు మీద ఒంటి చేత్తో కోసే వీడియోలకి లక్షల వ్యూస్ వస్తాయి. ఆ వీడియోల్లో కనపడేది టాలెంట్ మాత్రమే కాదు, కట్టుకోవడానికి రెండో తాడు లేకపోవడం కూడా.

కరెంటు: కనపడని కొమ్మ

పడిపోవడం ఒక ప్రమాదం. కరెంటు ఇంకో ప్రమాదం. రెండూ కలిస్తే ఇక మాటల్లేవు.

చాలామంది అనుకునేది ఏంటంటే, "కట్టె కదా, కరెంటు పాస్ అవ్వదు" అని. ఎండిన కట్టె సంగతి వేరు. పచ్చి కొమ్మలో నీళ్లుంటాయి, ఉప్పులుంటాయి. వాన పడి తడిసి ఉంటే ఇంకా డేంజర్. 11 కేవీ లైన్ అంటే 11,000 వోల్టులు. దానికి తీగని ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. కొమ్మ ఆనినా, అల్యూమినియం నిచ్చెన ఆనినా, చాలా దగ్గరికి వెళ్లినా చాలు.

దీనికి సరైన దారి ఒకటే. కరెంటు ఆఫీసులో చెప్పి, లైన్‌మన్ వచ్చి, లైన్ క్లియర్ తీసుకున్నాకే ఎక్కాలి. ఎల్‌సీ అంటారు దాన్ని. మీ ఏరియా లైన్‌మన్ ఎవరో తెలియకపోతే 1912కి ఫోన్ చేయండి. సప్లై ఆగాక కూడా, ఆగిందని లైన్‌మన్ చెక్ చేసి చెప్పాలి. "ఫ్యాన్ ఆగింది, కరెంటు పోయింది, ఎక్కేయ్" అనడం కరెక్ట్ కాదు. మీ ఇంట్లో ఫ్యాన్ ఆగింది అంటే మీ ఇంటి లైను ఆగిందని మాత్రమే. స్తంభం పైన ఉన్న పెద్ద లైను వేరు. పైగా కరెంటు పోగానే పక్క ఫంక్షన్ హాల్లో జనరేటర్ ఆన్ అవుతుంది. దాని వైరింగ్ సరిగా లేకపోతే ఆ కరెంటు వెనక్కి లైన్లోకే రావొచ్చు.

ఎల్‌సీ కోసం ఆగితే ఒక పూట పోతుంది. ఆ పూట కూలీ ఎవరిస్తారు? ఓనర్ "త్వరగా కానివ్వండి" అంటాడు, మేస్త్రీకి ఇంకో చోట పని ఉంటుంది. ఈ తొందరలోనే మనుషులు పోతున్నారు. అజాగ్రత్త అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ జాగ్రత్తకి కూడా కూలీ కట్టాలి కదా. దాన్ని ఎవరూ కట్టట్లేదు.

తుఫాను మర్నాడు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటింది. అప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్లని అడగండి, రోడ్లన్నీ చెట్లే. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. అలాంటప్పుడు మొదట దారి తీయాల్సింది ఎవరు? అంబులెన్స్ వెళ్లాలన్నా, కరెంటు స్తంభం నిలబెట్టాలన్నా, ముందు చెట్టు తీయాలి. ముందు మిషన్ వాళ్లు రావాలి.

పడిన చెట్టు నిలబడిన చెట్టు కంటే ప్రమాదం. ఎందుకంటే అది విల్లులాగా వంగి ఉంటుంది. ఒక కొమ్మ కింద గోడకి ఆని, ఇంకో కొమ్మ వైర్ల మీద వేలాడి, ఒక వైపు చెక్క సాగి, ఇంకో వైపు నొక్కుకుని ఉంటుంది. సాగిన వైపు కోత పెట్టగానే టప్పున చీలి ఎగురుతుంది. నొక్కుకున్న వైపు కోస్తే బార్ ఇరుక్కుపోతుంది. వేళ్లతో సహా లేచిన చెట్టుకి మాను కోసేశారనుకోండి, పైన బరువు పోయి, ఆ వేళ్ల దిమ్మ మళ్లీ గోతిలోకి పడిపోతుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటే? అందుకే పడిన చెట్టు చుట్టూ ఎవ్వరినీ రానివ్వకూడదు. సెల్ఫీలకి అసలే వద్దు. తెగిన తీగలో కరెంటు ఉందనే అనుకోవాలి.

చెట్టు ఎందుకు పడిపోయింది? గాలి వల్ల అంటాం. గాలి ఆఖరి కారణం మాత్రమే. నీళ్లు, పోషకాలు పీల్చే వేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, పక్కలకి చాలా దూరం పాకుతాయి. డ్రైనేజీ కోసం ఒక వైపు తవ్వారు, కేబుల్ కోసం ఇంకో వైపు తవ్వారు, మొదలు దాకా సిమెంట్ పోశారు. పట్టు సగం పోయింది. ఆ తర్వాత గాలి వచ్చింది.

అన్ని చెట్లూ కొట్టేయొచ్చా?

మన ఇంట్లో చెట్టు మన ఇష్టం అనుకుంటాం. కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. వాల్టా అంటే నీరు, భూమి, చెట్లు. దీని ప్రకారం చెట్టు కొట్టాలంటే పర్మిషన్ తీసుకోవాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. అటవీ శాఖకి అప్లై చేయాలి, సిటీల్లో మున్సిపాలిటీ వాళ్లతో కూడా పని ఉంటుంది. సాగు కోసం పెంచే కొన్ని రకాలకి సడలింపులు ఉన్నాయి. ఎర్రచందనం, శ్రీగంధం అయితే రూల్స్ ఇంకా గట్టివి. దుంగలు బండి మీద తరలించడానికి కూడా పర్మిట్ అడుగుతారు.

పర్మిషన్ లేకుండా కొట్టిస్తే ఏమవుతుంది? ఓనర్ మీద కేసు, ఫైన్. కానీ అక్కడ మిషన్‌తో దొరికేది కూలీ. సీజ్ అయ్యేది అతని మిషన్, అతని ట్రాలీ. ఓనర్ "నాకు తెలీదు, వాళ్లే కొట్టారు" అంటే అంతే సంగతులు. అందుకే కాస్త అనుభవం ఉన్న మేస్త్రీలు ముందే అడుగుతారు, "కాగితం ఉందా సార్?" అని. అది ఎగ్‌స్ట్రాలు కాదు, వాళ్ల పొట్టకూటి జాగ్రత్త.

తల నరికితే చెట్టు బాగుపడుతుందా?

చాలామంది చెట్టు కొట్టించరు, "తల కొట్టేయండి చాలు" అంటారు. మొత్తం మోడు చేసి పెడతారు. రెండేళ్లలో గుబురుగా చిగురిస్తుంది, బాగుంది అనుకుంటారు. కానీ ఆ కొత్త కొమ్మలు లోపలి చెక్కలో నుంచి వచ్చినవి కావు, బెరడు దగ్గర పైపైన అతుక్కుని ఉంటాయి. కోసిన చోట నీరు దిగి మాను పుచ్చుతుంది. నాలుగైదేళ్లకి ఆ కొమ్మలు బరువెక్కి, ఒక గాలివానకి ఊడి పడతాయి. మీ కారు మీద, లేదా మనిషి మీద.

సరైన పద్ధతి ఏంటంటే, ఎండినవి, రాసుకుంటున్నవి, ఇంటి మీదికి వచ్చినవి ఎంచి తీయించాలి. ఒక విడతలో పావు వంతు పచ్చదనానికి మించి తీయకూడదు. కొమ్మ మానుని కలిసే చోట కాస్త ఉబ్బెత్తుగా ఉంగరంలా ఉంటుంది చూడండి, దానికి అవతలే కోయాలి. ఆ ఉంగరం దగ్గర నుంచే చెట్టు గాయాన్ని తనే మూసుకుంటుంది. తారు పూయడాలు, పెయింట్ వేయడాలు అక్కర్లేదు. కొట్టే ముందు గూళ్లు చూడండి. పక్షుల గూళ్లే కాదు, తేనెపట్టు, కందిరీగల తుట్టె కూడా. ముప్పై అడుగుల మీద తుట్టె కదిలితే ఎక్కినవాడు పారిపోవడానికి దారి ఉండదు.

పడిపోతే ఎవరు చూస్తారు?

ముప్పై అడుగుల పైనుంచి పడితే, నేలకి తగిలేసరికి స్పీడు గంటకి సుమారు 48 కిలోమీటర్లు. టైము సెకనున్నర లోపే. బతికినా నడుముకో, వెన్నుకో దెబ్బ తగిలితే ఆ మనిషి మళ్లీ చెట్టెక్కలేడు. ఇంకో పని నేర్చుకునే వయసు ఉండదు. పిల్లాడు చదువు మానేసి అదే మోకు కట్టుకుంటాడు.

గీత కార్మికులకి సొసైటీలు ఉన్నాయి, గుర్తింపు కార్డులు ఉన్నాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లు కొట్లాడి తెచ్చుకున్న గుర్తింపు అది, ఇంకా రావాల్సింది చాలా ఉంది. చెట్టు కొట్టేవాడు కూడా ఎక్కేది అంతే ఎత్తు. కానీ చాలామంది ఏ లిస్టులోనూ ఉండరు. ఇవాళ చెట్టు, రేపు సెంట్రింగ్, ఎల్లుండి గడ్డి కోత. పడిపోయిన రోజు మేస్త్రీ ఒక ఐదు వేలు, ఓనర్ ఒక పది వేలు చేతిలో పెట్టి చెయ్యి దులుపుకుంటారు.

ఇప్పుడు ఇందాక చెప్పిన ఇరవై రూపాయలు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు లేదా పోస్టాఫీసు అకౌంట్ ఉన్న ఎవరైనా చేరొచ్చు. ఏడాదికి 20 రూపాయలు అకౌంట్ నుంచి కట్ అవుతాయి. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. రెండు కళ్లు, లేదా రెండు చేతులు, రెండు కాళ్లు పూర్తిగా పోయినా 2 లక్షలు. ఒక కన్ను, లేదా ఒక చెయ్యి, ఒక కాలు పోతే లక్ష. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక ఏడాది లెక్క. మే నెలాఖరులో అకౌంట్‌లో ఆ ఇరవై లేకపోతే పాలసీ ఆగిపోతుంది, చాలామందికి తెలియకుండా జరిగేది ఇదే. ఏదైనా జరిగితే హాస్పిటల్ కాగితాలు, పోలీస్ రికార్డు జాగ్రత్తగా పెట్టుకోవాలి. "పోలీసులెందుకులే" అని వదిలేస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

2 లక్షలు ఒక ప్రాణానికి సమాధానం కాదు. నేనూ ఒప్పుకుంటా. కానీ అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డ రోజు అది ఉండటం, లేకపోవడం ఒకటి కాదు. ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు కూడా ఫ్రీనే, 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకి. కాకపోతే ఈ-శ్రమ్ కార్డు ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ ఉందని అనుకోవద్దు. రెండూ వేర్వేరు.

మీ ఇంటికి పిలిస్తే ఇవి చూడండి

స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. పర్మిషన్ మీ బాధ్యత. ముందే తీసుకోండి.

రెండు. వైరు దగ్గర ఉంటే లైన్‌మన్‌ని మీరే పిలవండి. ఎల్‌సీ వచ్చేదాకా ఆగిన టైముకి కూలీ ఇస్తానని ముందే చెప్పండి. ఈ ఒక్క మాట చాలా మార్చేస్తుంది.

మూడు. "ఎంత?" అని మాత్రమే కాదు, "ఎంతమంది వస్తారు, తాళ్లు ఎన్ని, బెల్టు ఉందా, హెల్మెట్ ఉందా?" అని అడగండి. హెల్మెట్ లేకపోతే మీ బైక్ హెల్మెట్ కింద ఉన్నవాడికి ఇవ్వడం కంటే, కొమ్మల కింద ఎవరూ లేకుండా చూడటం మేలు.

నాలుగు. వాన పడుతున్నా, ఈదురుగాలి ఉన్నా, చీకటి పడినా పని ఆపించండి. "ఇంకొక్క కొమ్మే కదా" అన్న కొమ్మ దగ్గరే ఎక్కువ గొడవ.

ఐదు. కింద కార్లు, బైకులు, పిల్లలు ఖాళీ. ఒకాయన రోడ్డు మీద నిలబడి వచ్చేపోయేవాళ్లని ఆపాలి. ఆ ఒకాయన మీరే అవ్వొచ్చు.

ఆరు. మధ్యాహ్నం మందు తాగి ఎక్కుతున్నాడని అనిపిస్తే మొహమాటం లేకుండా ఆపండి. నీళ్లు, మజ్జిగ మీరివ్వండి.

ఏడు. దెబ్బ తగిలితే 108. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, అంబులెన్స్ వచ్చేదాకా వదలొద్దు. పైనుంచి పడ్డవాణ్ని లేపి కూర్చోబెట్టకండి, ఆటోలో ముడిచి పడుకోబెట్టకండి. వెన్నుకి దెబ్బ ఉంటే అలా కదపడం వల్లే కాళ్లు చచ్చుపడొచ్చు. కరెంటు షాక్ అయితే సప్లై ఆగిందని తేలేదాకా ముట్టుకోవద్దు.

ఇక మీరు చేయగలిగేది ఇంకొకటి. మీ ఫోన్‌లో బ్యాంకింగ్ యాప్ ఉంది, ఈ స్కీముల సంగతి మీకు అరనిమిషంలో అర్థమవుతుంది. చెట్టెక్కేవాళ్లలో చాలామంది బ్యాంకుకి వెళ్లి ఫారం నింపడానికి ఒక రోజు కూలీ వదులుకోలేరు. ఈసారి మీ వీధికి వచ్చినప్పుడు, టీ తాగే టైంలో ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, ఇరవై రూపాయల ఇన్సూరెన్స్ కట్ అవుతోందా, మెసేజ్ వచ్చిందా?" రాలేదంటే, అతని ఫోన్ నుంచే ఎలా చేరాలో చూపించండి, లేదా ఏ బ్యాంకు బ్రాంచీకి వెళ్లాలో చెప్పండి. ఓటీపీ మాత్రం మీరు అడగకండి, అతన్నే కొట్టుకోమనండి.

మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో ఈ పని చేసేవాళ్లు ఉంటే, మేం చెప్పనివి ఏమున్నాయో కామెంట్లలో రాయండి. ఏ తాడు నమ్మకమైంది, ఏ చెట్టు మోసం చేస్తుంది, మీ వైపు ఏమంటారు, అన్నీ. వచ్చే ఎపిసోడ్‌లో సరుగుడు తోటల దగ్గరికి వెళ్దాం. ఉంటాను మరి.